మా పొరుగూరి మఖ్దూం

మొన్న రాత్రి రేడియోలో 'బజార్' సినిమా పాట వచ్చింది. 1982 నాటి సినిమా. లతా మంగేష్కర్, తలత్ అజీజ్ కలిసి పాడిన పూల పాట. మావారు పేపరు దించి, "ఎంత బాగా రాశాడో! ఎవరో బొంబాయి కవి అయ్యుంటాడు" అన్నారు. నాకు నవ్వొచ్చింది.

"బొంబాయి కాదండీ, మన జోగిపేట పక్కవాడే!"

మేముండేది కొండాపూర్‌లో. హైటెక్ సిటీ పక్కది కాదు సుమండీ! సంగారెడ్డి దగ్గరిది, శాతవాహనుల నాణేలు దొరికిన మట్టిదిబ్బ ఉన్నది. సంగారెడ్డి వెళ్ళి జోగిపేట బస్సెక్కితే అందోలు వస్తుంది. మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న పుట్టింది అక్కడే. చిన్నతనంలోనే తండ్రి పోతే చిన్నాన్న చేరదీశాడు. రష్యా అనే దేశంలో అందరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తింటారని ఆ చిన్నాన్న చెప్పేవాడట. మసీదు ఊడ్చి, నీళ్ళు నింపే పిల్లవాడి మనసులో ఆ మాట ఎలా నాటుకుందో మరి!

కవిగా ఆయన్ని ఎరగనివారుండరు. సింగరేణి సంగతి ఎంతమందికి తెలుసు?

మా అమ్మమ్మ కుంపట్లో వేసే రాక్షసి బొగ్గు నాకింకా గుర్తే. ఇల్లెందు దగ్గర ఆ బొగ్గు ఉందని కింగ్ దొర 1871 ప్రాంతంలో కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరే కంపెనీకి స్థిరపడింది. నిజాం రైళ్ళు, మిల్లులు నడిచింది ఆ బొగ్గుతోనే. ఆ బొగ్గు తవ్వే కూలీ బతుకు మాత్రం మసిబారే ఉండేది.

మఖ్దూం సిటీ కాలేజీలో లెక్చరరు. నీడపట్టున ఉద్యోగం, మొదటి తారీఖు జీతం. మనింట్లో అబ్బాయి అలాంటిది వదిలేస్తానంటే ఊరుకుంటామా? ఆయన 1940ల మొదట్లో వదిలేశాడు. కార్మికుల్లోకి వెళ్ళాడు. కొత్తగూడెంలో శేషగిరి, హైదరాబాదు నుంచి రాజ్ బహదూర్ గౌర్, ఈయన కలిసి గని కార్మికులకు సంఘం కట్టారు. ఆ ఘనత ఒక్క మఖ్దూంకే ఇవ్వడం న్యాయం కాదు. అయినా, ఉర్దూ కవి మాట తెలుగు కూలీకి ఎలా ఎక్కిందా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే! 1946లో సంస్థానంలోని కార్మిక సంఘాలన్నీ ఒక్కటైతే అధ్యక్షుడు ఆయనే.

తర్వాత అజ్ఞాతవాసం, జైలు. 1952లో హైదరాబాదులో పార్లమెంటుకు ఓడి, ఉపఎన్నికలో హుజూర్‌నగర్ నుంచి అసెంబ్లీకి గెలిచాడు. ఆ పైన శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడు. పొలంలో పనిచేసే తెలంగాణ ఆడదాని మీద 'తెలంగన్' అని కవిత రాసిందీ ఈయనే. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో పోయాడు. సాహిత్య అకాడమీ బహుమతి కూడా ఆ ఏడాదిదే.

ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ముందు నుంచి మేం ఎన్నిసార్లు వెళ్ళామో! ఒక్కసారీ ఆగలేదు.

మావారు అంతా విని, కాసేపు ఊరుకుని, "ఆ రేడియో కట్టెయ్యకు, ఇంకోటి వేస్తాడేమో" అన్నారు.