కూడు, నీడ, చదువు

విద్యాచరిత్రము వ్రాయువారు సామాన్యముగా భవనములను, పట్టములను, ఆచార్యులను లెక్కింతురు. విద్యార్థి రాత్రి యెచ్చట పండుకొనెను, ఎవరి యింట భుజించెను, జ్వరము వచ్చినప్పుడు వాని నుదుట చేయివేసి చూచినవారెవరు అను ప్రశ్నలకు వారి గ్రంథములలో చోటు తక్కువ. చదువు నడుమ మానిన పిల్లలలో బుద్ధి చాలక మానినవారికంటె కూడును నీడయును చాలక మానినవారే యెక్కువయని మా యభిప్రాయము. పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల గడచిన నూరేండ్ల చరిత్ర యిందుకు సాక్ష్యమిచ్చుచున్నది.

పూర్వము బీద విద్యార్థికి వారములే యాధారము. ఆదివారమొకరింట, సోమవారము మరియొకరింట, ఇట్లు ఏడిండ్ల అన్నము తిని, గురువునొద్ద కావ్యమో శాస్త్రమో చదివికొని యెందరో పండితులైరి. అన్నము పెట్టిన ఆ గృహిణుల పేర్లు ఏ శాసనమునను లేవు. సంస్థానాధీశులును విద్యను మన్నించిరి. గద్వాలకు విద్వద్గద్వాలయను ప్రసిద్ధి ఊరక రాలేదు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములను దర్శించి సత్కారములందిరి. కాని యీ యేర్పాటులో రెండు కొరతలుండెను. వారములు ప్రధానముగా బ్రాహ్మణ బాలురకే దొరకెడివి. సంస్థానముల సత్కారమో, ముఖ్యముగా చదువు ముగించిన పండితునిది. చదువు మొదలిడు బాలునిది కాదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో కాపు బాలునకు, గొల్ల బాలునకు, దళిత బాలునకు వారమిచ్చువారెవరు? బాలికల మాట తలపెట్టినవారే యరుదు.

1918వ సంవత్సరమున హైదరాబాదులో రెండు సంస్థలు వెలసినవి. ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయము. దానిని లోకమంతయు నెరుగును. రెండవది రెడ్డి హాస్టలు. దీనికి మూలపురుషుడు 1869లో వనపర్తి సంస్థాన ప్రాంతమున జన్మించిన రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు. బాల్యముననే తల్లిని గోల్పోయి బంధువుల పెంపకమున పెరిగిన యీయన, పోలీసుశాఖలో చిన్న యుద్యోగమునుండి పైకి వచ్చి హైదరాబాదు నగరమునకు కొత్వాలయ్యెను. దేశముఖుల నొప్పించి, సంపన్నుల నడిగి, విరాళములు ప్రోగుచేసి విద్యార్థులకొక యిల్లు నిలిపెను. విశ్వవిద్యాలయము తలుపు తెరచినంతమాత్రమున పల్లె బాలుడు దానిలో అడుగుపెట్టలేడనియు, పట్నమున వానికి తలదాచుకొను చోటు, వేళకు అన్నము, మంచిచెడ్డలు చెప్పు పెద్ద యొకడు ముందుగా కావలెననియు ఆయన గ్రహించెను.

ఆ పెద్దగా 1924లో అచ్చటికి వచ్చినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1896లో నడిగడ్డలో బుట్టి, మద్రాసులో పట్టము పొంది, న్యాయశాస్త్రము చదివిన వీరు, వకాలతుతో ధనమార్జింపగల వయస్సున హాస్టలు నిర్వహణభారమును తలకెత్తుకొనిరి. అచ్చటి గ్రంథాలయమును పెంపొందించిరి. ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ. విద్యార్థుల యింటిభాష తెలుగు. పగలు పరభాషలో పాఠములు విన్న బాలునకు సాయంకాలము తన భాషలో గ్రంథము చేతికందుట యెంత యూరటయో పాఠకులే యూహింపవచ్చును. 1926లో వీరు గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరను నిందకు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులిచ్చిరి. బాలుర బాగోగులు చూచిన చేతులే భాషాసేవయు చేసినవి.

ఇట్టి యత్నము తెలుగునాట దీనికి ముందును జరిగినది. 1842లో హయ్యరు అను లూథరను పాదిరి గుంటూరు చేరెను. ఆ మిషను బడులే క్రమముగా పెరిగి 1885లో కళాశాలయై, నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా నిలిచినవి. 1883లో వచ్చిన వైద్యురాలు ఆనా కూగ్లరు అదే యూర ఆసుపత్రి నెలకొల్పెను. చదువు, వసతి, వైద్యము, సంఘజీవనము ఒక్కచోట కూడుట వలన, ఊరిబావికి చేరరాదన్న జనుల బిడ్డలు పుస్తకమునకు చేరగలిగిరి. కవి గుఱ్ఱము జాషువ ఆ లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణశాలలో పదియేండ్లు బోధించెను. నాగర్‌కర్నూలునను ఇరువదవ శతాబ్ది యారంభమున మెన్నొనైటు మిషనువారు స్థావర మేర్పరచుకొని విద్యావైద్యముల జేపట్టిరి. ఈ సేవలో మతప్రచారోద్దేశము లేదనరాదు. అయినను, మనము పిలువని బిడ్డను మరియొకరు పిలిచి పీట వేసినప్పుడు, మన మడుగవలసిన ప్రశ్న వారిని గూర్చినది కాదు, మనలను గూర్చినది.

రెడ్డి హాస్టలు పేరులోనే కులమున్నది. ఆనాడు నగరమున వెలసిన మరికొన్ని వసతిగృహములును కులముల పేరనే వెలసినవి. తన కులపు బిడ్డకు అన్నము పెట్టుట మొదటి మెట్టు. దానిమీదనే కూర్చుండిపోవుట దోషము. ఇది యెరిగినవారు ఆ కాలముననే కలరు. భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, పిదప ఆదిహిందూ బాలబాలికలకు పాఠశాలలు నెలకొల్పిరి. రెడ్డి హాస్టలులో పెరిగిన రావి నారాయణరెడ్డిగారు హరిజన సేవక సంఘమున పనిచేసి, తాను పొందిన నీడను తన కులమునకు వెలుపలివారికిని పంచజూచిరి. మాడపాటి హనుమంతరావుగారి కృషిచే 1928లో నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమపు పాఠశాల యేర్పడెను. కొత్వాలుగారి పేర మహిళా కళాశాల 1954లో, ఆయన మరణించిన మరుసటి యేడు, వెలసెను.

సంస్థానములు పోయినవి, వాని గోడలు మంచిపనికే వచ్చినవి. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్కు వెలసెను. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేర కళాశాల నడచుచున్నది. నాగర్‌కర్నూలు చెంత పాలెము గ్రామమున ప్రాచ్యకళాశాల వెలసినది. 1971లో నల్లగొండ సీమలోని సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల తెరచినది మొదలు, అన్నము పెట్టి చదువు చెప్పుట ప్రభుత్వధర్మమన్న భావము బలపడెను. 2008లో మహబూబునగరమున పాలమూరు విశ్వవిద్యాలయమేర్పడి, వనపర్తి గద్వాలలకును తన శాఖలను చాచెను.

అయినను 2011 జనాభా లెక్కలను బట్టి, నేటి గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యులు సగమునకును చేరలేదు. కారణమును పొలములలో చూడవచ్చును. విత్తనపత్తి చేలలో పూలు దాటించు పనికి లేత వ్రేళ్లు అనుకూలమని బాలికలను బడి మాన్పించుట ఆ సీమలో చిరకాలముగా నున్న యాచారము. గుంపుమేస్త్రీ బయానా యిచ్చిన దినమున తల్లిదండ్రులు మూటముల్లె గట్టుకొని దూరదేశపు పనులకు బోవుదురు. అప్పుడు బిడ్డ యెచ్చట నుండవలెను? ఊరిలో బడి యున్నను, వండిపెట్టు చేయి లేనప్పుడు ఆ బడి వానికి లేనట్లే. అట్టి బిడ్డకు వసతిగృహము దానము కాదు, అదియే యిల్లు.

కావున విద్యాభిమానులగు గృహస్థులకును గృహిణులకును మా మనవి యొక్కటి. మీ యూరి వసతిగృహమునకు నెలకొకసారి పొండు. బియ్యము చూడుడు, నీరు రుచి చూడుడు, రాత్రి దీపమున్నదేమో యడుగుడు, జ్వరము తగిలిన పిల్ల చెంత ఎవరు కూర్చుండిరో కనుగొనుడు. అందు బాలికలెందరు, ఏ వాడల బిడ్డలు ఇంకను చేరలేదో విచారింపుడు. పూర్వము ఏడిండ్లవారు పంచుకొన్న భారము నేడు ప్రభుత్వముదైనది. భారము తీరినదిగదా యని ఆ యిండ్లవారు తలుపులు మూసికొనరాదు.