ఓడల కలపతో కట్టిన అంగడి

లండన్ నగరమున గ్రేట్ మార్ల్‌బరో వీధిలో లిబర్టీ అను పెద్ద అంగడి కలదు. నల్లని కలప చట్రములు, వాని నడుమ తెల్లని గోడలు, నిటారైన వాలు కప్పులు చూచిన వారికి అది 16వ శతాబ్దమున ట్యూడర్ రాజుల నాటి కట్టడమని తోచును. కాని అది నిర్మింపబడినది 1924లో. అందలి కలప మాత్రము అంతకు పూర్వపుది. అది రెండు యుద్ధనౌకలను విప్పగా వచ్చినది.

వానిలో ‘హిందుస్థాన్’ 1841లో జలప్రవేశము చేసెను. ‘ఇంప్రెగ్నబుల్’ 1860లో ‘హౌ’ అను పేరుతో నీటికి దిగెను. అదే సంవత్సరమున ఇనుప కవచముగల ‘వారియర్’ కూడ నీటికి దిగినది. దానితో కొయ్య యుద్ధనౌకలకు కాలము చెల్లెను. ఈ రెండు నౌకలును పిదప నావికుల శిక్షణకు ఉపయోగపడి, 1921లో అమ్ముడుపోయినవి. అంగడికి రూపకల్పన చేసిన ఎడ్విన్ టి. హాల్, ఆయన కుమారుడు ఎడ్విన్ ఎస్. హాల్ ఆ ఓక్, టేకు కలపను ఎన్నుకొనిరి.

పాతకలప యెందులకు? అప్పుడే నరికిన చెట్టులో నీరు విశేషముగా నుండును. ఆరునప్పుడు మొదట కణముల లోపలి నీరు పోవును. అప్పటికి కొయ్య పరిమాణము మారదు. తేమ ఇంచుమించు 30 శాతమునకు తగ్గిన పిమ్మట కణముల గోడలలోని నీరు పోవనారంభించును. అప్పుడు కొయ్య అడ్డముగా కుంచించుకొనును. నిలువున ఆ మార్పు అత్యల్పము. అందుచేతనే పచ్చికొయ్య వంగి, బీటలు వారును. ఏండ్ల తరబడి ఆరిన కొయ్యలో ఈ మార్పు చాలవరకు ముగిసియుండును.

అట్లని పాతకలప పని సులభము కాదు. దానిలో దాగియున్న ఇనుప మేకులను తీయనిచో రంపపు పండ్లు విరుగును. ఓక్‌లోని టానిన్ ఇనుముతో కలిసి నల్లని మరకలు కలిగించును. దానిలోని ఆమ్లము మేకులను తినివేయును.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. నిజమైన ట్యూడర్ వడ్రంగులు సాధారణముగా పచ్చి ఓక్‌నే వాడిరి. పచ్చిగా నున్నప్పుడు అది ఉలికి సులువుగా లొంగును. ఒక కొయ్య కొనను వేరొక కొయ్యలో తొలిచిన రంధ్రమున దూర్చి, ఎండిన కొయ్యచీలలతో బిగించెడివారు. కలప ఆరినకొలది అతుకులు మరింత బిగిసెడివి. వృక్షవలయములను బట్టి కాలమును నిర్ణయించు శాస్త్రము కూడ, నాటి ఇండ్లలో పెక్కింటి కలప నరికిన కొద్ది కాలమునకే వాడబడినదని తెలుపుచున్నది. పాత ఇండ్ల దూలములన్నియు ఓడలనుండి వచ్చినవే యను ఇంగ్లండు ప్రజల నమ్మకమునకు ఇది అనుకూలముగా లేదు. దూలములపై కనిపించు ఖాళీ రంధ్రములు పెక్కుచోట్ల పూర్వపు ఇండ్ల గుర్తులే.

అనగా ట్యూడర్ ఇల్లు క్రొత్తకలపతోను, దాని అనుకరణము పాతకలపతోను కట్టబడినవి. రూపమును మాత్రము చూచి వయస్సు చెప్పినచో మోసపోవుదుము. కట్టడపు వయస్సు వేరు, కలప వయస్సు వేరు. ఈ రెంటిని విడదీసి పరిశీలించుటయే చరిత్రకారునికి, శాస్త్రజ్ఞునికి ఉమ్మడి కర్తవ్యము.