పోలీస్ యాక్షన్‌లో హవాయి జహాజులు చేసిందేమిటి?

1948 సెప్టెంబర్ మాట వస్తే “హవాయి జహాజులొచ్చాయి, రియాసత్ పోయింది” అని మన బుజుర్గులు ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. జహాజులు రావడం హకీకతే. కానీ అవి చేసిందేమిటో, చేయనిదేమిటో విడదీసి చూస్తేనే ఆ తారీఖ్ అర్థమవుతుంది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచయుద్ధంలో అంగ్రేజుల 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిచ్చారు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. తీరా 1948లో ఆయన సొంత ఫౌజ్‌కు ఒక్క జంగీ జహాజు లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి దొంగచాటుగా బీదర్, వరంగల్‌లకు చేరవేసింది హథియార్లే. ఆకాశానికి కాపలా లేదు.

సెప్టెంబర్ 13న ఇండియన్ ఆర్మీ షోలాపూర్ వైపు నుంచీ, బెజవాడ వైపు నుంచీ కదిలింది. 14న ఉమర్గా నుంచి రాజేశ్వర్ వెళ్లే దారిలో నిజాం జవాన్లు మోర్చాలు కట్టి మాటేశారని విమానాల్లోంచి కనిపెట్టారు. టెంపెస్ట్ విమానాలను పిలిపించి వాటిని కొట్టించారు. మధ్యాహ్నానికల్లా ఆర్మీ రాజేశ్వర్ చేరింది. 15న సూర్యాపేటలోనూ ముందు విమానదాడి, వెనకే గూర్ఖా పల్టన్. దాడి తర్వాత కూడా కొందరు రజాకార్లు ఎదురు తిరిగారు. ఊరిని పట్టుకోవడానికి గూర్ఖాలు నేల మీద లడాయి చేయాల్సే వచ్చింది.

జహాజు తాకత్ అంతవరకే. అడ్డు తొలగిస్తుంది, దారి తెరుస్తుంది. ఊరిని పట్టుకోలేదు, ఊళ్లోవాళ్లను కాపాడలేదు.

17న నిజాం హార్ ఒప్పుకున్నారు. 18న సేనాపతి అల్ ఇద్రూస్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయారు. జంగ్ ఐదు రోజుల్లో ముగిసింది.

అంతకుముందు రజాకార్లు పల్లెల్లో చేసిన జుల్మ్ నిజం. దాని బదలా మాత్రం ఏ గునాహ్ చేయని గరీబు ముస్లింల మీద పడింది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం పోలీస్ యాక్షన్‌లో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. ఈ ఖూన్ ఆకాశం నుంచి కురిసింది కాదు. చంపింది గుంపులు, కొన్నిచోట్ల వర్దీ వేసుకున్నవాళ్లూ.

ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువులూ ఉన్నారని అదే రిపోర్టు గవాహీ ఇచ్చింది. మన పిల్లలకు జహాజుల కథ చెప్పినప్పుడు నేల మీద జరిగిన ఈ రెండు సంగతులూ చెబుదాం.