జాలీ గుడారం

ఆరుబయట కూర్చోవడానికి, తినడానికి, అవసరమైతే ఒక రాత్రి పడుకోవడానికి దోమలూ ఈగలూ పురుగులూ చొరబడకుండా నలువైపులా సన్నని వలబట్టతో వేసుకునే తేలికపాటి తాత్కాలిక నీడే జాలీ గుడారం. మంచానికి కట్టే దోమతెరకు ఇది పెద్దన్న. దోమతెరలో మనిషి పడుకుంటాడు. ఇందులో లేచి నిలబడతాడు, నలుగురితో చాప పరుచుకొని భోంచేస్తాడు. ఒక్కరికి సరిపడేది అర కిలో లోపు బరువుతో సంచిలో ఇమిడిపోతుంది. ఏడెనిమిది మంది పట్టేది, ఇనుప గొట్టాలతో నిలబెట్టేది అయితే పది కిలోలు దాటవచ్చు. దాన్ని మోసుకుపోవడం కష్టం, కారులో వేసుకుపోవలసిందే.

ఈ వ్యాసం ప్రధానంగా కామారెడ్డి జిల్లా సదాశివనగర్, ఎల్లారెడ్డి పరిసరాలను దృష్టిలో పెట్టుకొని రాసినది. ఇక్కడ వనభోజనాల కాలమూ పురుగుల కాలమూ ఒకేసారి వస్తాయి.

పుట్టుక

వల కింద పడుకొని దోమను తప్పించుకోవడం పాత అలవాటే. పగలు చేపలు పట్టిన వలనే రాత్రి పడక చుట్టూ కట్టుకునే ఈజిప్టు చిత్తడి నేలల జనం గురించి క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మనిషి కూర్చునే చోటంతా జాలీతో మూసేయాలన్న ఆలోచనకు శాస్త్రీయమైన ఆధారం మాత్రం మన సికింద్రాబాద్ నుంచే వెళ్లింది. 1897 ఆగస్టులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెర లోపల పడుకోబెట్టి, తాను పెంచిన దోమలను లోపలికి వదిలి కుట్టించాడు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. ఆ దోమల్లో ఒకదాన్ని ఆగస్టు 20న కోసి చూసినప్పుడు దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధన ఇదే. దోమను బయట ఉంచాల్సిన తెర ఆ ప్రయోగంలో దోమను లోపల బంధించడానికి పనికొచ్చింది.

రాస్ దోమ మీద నేరం రుజువు చేస్తే, దాన్ని గడప అవతలే ఆపగలమని చూపింది మూడేళ్ల తరవాతి ప్రయోగం. 1900 వేసవిలో బ్రిటిష్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్ పురమాయింపు మీద లూయీ సాంబన్, జార్జి లో అనే వైద్యులు ఇటలీలో రోమ్ దగ్గరి ఓస్టియా మైదానంలో ఒక చెక్క గుడిసె వేసుకున్నారు. మలేరియాకు పేరుమోసిన చోటు అది. తలుపులకూ కిటికీలకూ జాలీ బిగించారు. పగలంతా జనంలో తిరిగేవారు, పొద్దు గుంకేలోపు లోపలికి వెళ్లి తలుపు వేసుకొనేవారు, పొద్దు పొడిచాకే బయటికొచ్చేవారు. మందూ మాకూ లేకుండానే జ్వరకాలం గడిచింది, వారికి మలేరియా రాలేదు. నేటి జాలీ గుడారం ఆ గుడిసెకు బట్టతో చేసిన రూపమే. గమనించాల్సింది ఏమంటే, వారిని కాపాడింది జాలీ ఒక్కటే కాదు, వేళ కూడా. ఈ రెండో సగాన్ని అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు.

వల, కడ్డీలు, అంచు

వలబట్ట పాలియెస్టర్, నైలాన్, పాలిథీన్ దారాల్లో ఏదో ఒకదానితో తయారవుతుంది. నైలాన్ తేలిక, కానీ ఎండకు త్వరగా చివుకుతుంది. పాలియెస్టర్ ఎండను కొంత ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. దోమతెరలకు వాడుకలో ఉన్న కొలత చదరపు అంగుళానికి 156 కన్నాలు, అంటే ఒక్కో కన్నం రమారమి 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు. దోమకు ఇది చాలు. రెండు మూడు మిల్లీమీటర్ల ఇసుక ఈగ, కంటి చుట్టూ ముసిరే నుసి పురుగులు ఇందులోంచి దూరిపోతాయి. వాటిని ఆపాలంటే ఇంకా సన్నని అల్లిక కావాలి. అల్లిక సన్నబడేకొద్దీ గాలి తగ్గి లోపల ఉక్కపోస్తుంది. కూరగాయల నారుమళ్ల మీద రైతులు కట్టే 40 మెష్ నైలాన్ వల కన్నం అర మిల్లీమీటరు కూడా ఉండదు. తెల్లదోమను ఆపడానికి అది భేషైనది, మనిషి కూర్చోవడానికి మాత్రం ఉడుకుపెట్టె అవుతుంది. నీడ కోసం వాడే పచ్చ షేడ్ నెట్ దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సరుకు: ఎండను ఆపుతుంది, దోమను ఆపదు.

రంగు విషయంలో చాలామంది తెలుపును ఎంచుకుంటారు, శుభ్రంగా కనిపిస్తుందని. లోపల కూర్చొని చెరువునూ చేనునూ చూడాలనుకుంటే నలుపే మేలు. తెల్ల వల వెలుతురును కళ్లలోకి కొడుతుంది, నల్ల వల అడ్డున్నట్టే అనిపించదు.

కడ్డీలు ఫైబర్‌గ్లాస్‌వి, అల్యూమినియంవి వస్తాయి. కొన్ని రకాలకు కడ్డీలే ఉండవు, చెట్టు కొమ్మకు తాడుతో వేలాడదీస్తారు. మన బజార్లలో ఎక్కువగా దొరికే మడత దోమతెరలు స్ప్రింగు తీగతో విప్పగానే గొడుగులా తెరుచుకుంటాయి. వాటిని తిరిగి మడవడం ఒక విద్య, నేర్చుకునేదాకా తీగతో కుస్తీ తప్పదు.

గుడారం పనిచేసేదీ పనిచేయనిదీ తేలేది అడుగు అంచు దగ్గర. అడుగున బట్ట లేని రకాలకు జానెడు వెడల్పు పట్టీ నేల మీద పరుచుకొని ఉండాలి. దాని మీద మట్టో రాళ్లో నీళ్ల సీసాలో బరువు పెట్టాలి. సదాశివనగర్ చుట్టూ ఉన్న ఎర్ర చెలకల్లో ఎండాకాలం గూటం దిగదు, రాయి పెట్టడమే మార్గం. నల్లరేగడిలో గూటం ఇట్టే దిగుతుంది, వాన పడితే అంతే సులువుగా ఊడుతుంది. ఒక మూల లేచి ఉంటే చాలు, లోపల ఉన్న మనుషుల ఊపిరి వాసన పట్టి దోమలు ఆ సందును వెతుక్కుంటాయి. జిప్పు తీసి తలుపు తెరిచి పెట్టి పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటే వల ఎంత సన్నదైనా వృథా.

సదాశివనగర్ చుట్టుపక్కల

కామారెడ్డి, నిజామాబాద్ పట్టణాల మధ్య 44వ జాతీయ రహదారి మీద ఉన్న సదాశివనగర్ మండలం 2016 అక్టోబరు 11 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఆ రోజు ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరింది. శాసనసభకు ఎల్లారెడ్డి నియోజకవర్గం. వరి, మొక్కజొన్న, వాటికి నీళ్లిచ్చే చెరువులూ బోర్లూ ఇక్కడి బతుకు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు కదిలే రోజుల్లోనే వానాకాలపు వరి కోతకు వస్తుంది. చేలో ఉన్న పచ్చ దీపపు పురుగులు, సుడిదోమలు చీకటి పడగానే కనిపించిన ప్రతి బల్బు మీదికీ ఎగబడతాయి. అవి మనిషిని కుట్టేవి కావు, కానీ అన్నంలో, చారులో, పిల్లల కళ్లలో పడతాయి. నిజానికి ఈ ప్రాంతంలో జాలీ గుడారానికి మొదటి పని దోమల నుంచి కాక ఈ పురుగుల నుంచి విస్తరిని కాపాడటమే. తొలకరిలో ఉసిళ్లు లేచే ఒకటి రెండు రాత్రులూ ఇదే తంతు.

కార్తీక బహుళ అష్టమికి పక్కనే ఉన్న రామారెడ్డి, ఇసన్నపల్లి కాలభైరవ స్వామి ఉత్సవాలకు వచ్చే భక్తుల్లో ఆరుబయట నిద్ర చేసేవారుంటారు. ఎల్లారెడ్డి వైపు వెళ్తే మంజీరా మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, నాగిరెడ్డిపేట మండలంలో 1922లో కట్టడం ముగిసిన పోచారం జలాశయం సెలవు రోజుల్లో జనం చేరే చోట్లు. పోచారం అడవిని 1952లోనే అభయారణ్యంగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లకూడదు, అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయకూడదు. గుడారం మోయడానికి ముందు అనుమతి అడగడం మంచిది.

వేళను బట్టి శత్రువు మారుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూటే, ముఖ్యంగా పొద్దున్నే, సాయంత్రం పూట కుడుతుంది. మలేరియా మోసే అనాఫిలిస్, బోదకాలు తెచ్చే క్యూలెక్స్ చీకటి పడ్డాక బయలుదేరుతాయి. కార్తీకంలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది కాబట్టి భోజనాలు అయ్యాక కబుర్లలో పడి గిన్నెలు సర్దుకునే సమయమే కుట్టించుకునే సమయం. గుడారాన్ని వచ్చిన వెంటనే వేయాలి. దోమలు మొదలయ్యాక వేస్తే వాటిని లోపల పెట్టి మూసినట్టే.

దీపం విషయంలో ఒక చిట్కా ఇక్కడి రైతుకు ముందే తెలుసు: పురుగును పిలిచే దీపం వేరుగా పెట్టాలి. పొలంలో దీపపు ఎర పెట్టినట్టే తెల్లని బల్బును పాతిక ముప్పై అడుగుల దూరంలో, గాలివాటుకు పక్కగా కట్టి, లోపల మాత్రం పసుపు వెలుగు చిన్న దీపం ఉంచితే వల మీద వాలేవి బాగా తగ్గుతాయి.

ఆపేవి, ఆపనివి

పెద్ద చెట్ల కొమ్మలకు బాహాటంగా పట్టు పెట్టే పెద్ద తేనెటీగలు పొగకు రేగుతాయి. పట్టు ఉన్న చెట్టు కింద పొయ్యి వెలిగిస్తే ఏ జాలీ అందరినీ కాపాడలేదు. అందరూ ఒకేసారి లోపలికి దూరేలోపు కుట్టాల్సినవి కుట్టేస్తాయి. తలెత్తి కొమ్మలు చూశాకే పొయ్యి రాళ్లు పెట్టాలి.

నేల మీద పాకే పిడుదులు, తేళ్లు, పాములకు అడుగు లేని గుడారం అడ్డం కాదు. రాత్రి పడుకోవాలంటే అడుగు బట్ట కుట్టి ఉన్నది, లేదా పరుపు కిందికి దోపుకునే మామూలు దోమతెర వాడాలి. నిద్రలో ఉన్నవాళ్లను కాటేసే కట్లపాము నుంచి కూడా దోపిన తెర రక్షణ ఇస్తుందని నేపాల్ తెరాయి ప్రాంతంలో చేసిన పరిశీలనలో తేలింది. నేల మీద పడుకునే అలవాటున్న మనకు దోమతెర చేసే ఈ రెండో మేలు తక్కువేమీ కాదు.

ఒంటికి ఆనుకున్న చోట దోమ వల బయటి నుంచే కుడుతుంది. అందుకే ఇరుకైనదానికన్నా ఒక సైజు పెద్దది నయం. పైకప్పు కూడా జాలీయే అయితే ఎండ ఆగదు, వాన ఆగదు. చింత నీడనో మర్రి నీడనో వేయాలి, లేదా మీద టార్పాలిన్ కట్టాలి.

లోపల పొయ్యి, దోమల చుట్ట, అగరువత్తి, దీపారాధన ఏదీ వద్దు. పాలిథీన్ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పాలియెస్టర్ 250 డిగ్రీల దాకా ఆగుతుంది గానీ, మంట తాకితే ఆ తేడా లెక్కలోకి రాదు. కరిగిన చుక్క చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. కార్తీక దీపాలు గుడారానికి దూరంగా, గాలి వీచే దిక్కు చూసుకొని వెలిగించుకోవాలి.

పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు పట్టించిన వలలు దోమను చంపుతాయి. ఆ మందులు చేపలకు విషం. అలాంటి తెరను చెరువులోనో వాగులోనో జాడించకూడదు; ఇంటి దగ్గర బకెట్లో ఉతికి, నీళ్లను ఎవరూ తిరగని నేల మీద పారబోయాలి. మడతపెట్టే ముందు నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే బూజు పడుతుంది.

అమెరికాలో తెలుగు కుటుంబాలు వేసవిలో పార్కుల్లో చేసుకునే వనభోజనాలకు ఇదే సరుకు నిలబెట్టే గది రూపంలో దొరుకుతుంది. అక్కడ గడ్డిలోంచి పైకి పాకే పిడుదులు లైమ్ వ్యాధిని మోస్తాయి కాబట్టి అడుగు బట్ట ఉన్నదే కొనుక్కోవాలి.

కొనాలా వద్దా

పొద్దున పోయి మధ్యాహ్నం భోంచేసి నాలుగింటికల్లా తిరుగుముఖం పట్టే కుటుంబానికి జాలీ గుడారం అక్కర్లేదు. గిన్నెల మీద మూతలు, పిల్లలకు నిండు చేతుల బట్టలు చాలు. పసిపిల్లలుంటే ఇంట్లోని మడత దోమతెర వెంట తీసుకుపోతే సరిపోతుంది. చెరువు గట్టున పొద్దు గుంకేదాకా ఉండేవారికి, జాతరలో రాత్రి గడిపేవారికి, పంట కాపలా మంచెల మీద పడుకునే రైతులకు మాత్రం ఇది పెట్టిన డబ్బుకు తగిన సరుకు. వారు ధర కన్నా ముందు చూడాల్సినవి అడుగు అంచు, జిప్పు, వల కన్నం.