కాపీ కొట్టేది ఒక్కడే, కొట్టించేది క్లాసంతా

ఎగ్జామ్ హాల్లో ఎవడైనా స్లిప్పుతో దొరికితే మనం ఏమంటాం? "వాడు అంతేరా" అంటాం. తప్పంతా వాడి క్యారెక్టర్‌దే అని తేల్చేస్తాం. కానీ దీని మీద దాదాపు వందేళ్లుగా రీసెర్చ్ జరుగుతోంది. అది చెప్పే కథ వేరు.

1928కి వెళ్దాం. అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు దాదాపు 11 వేల మంది స్కూలు పిల్లల్ని రకరకాల టెస్టులతో పరీక్షించారు. ఒక చోట మోసం చేసినవాడే ఇంకో చోట నిజాయితీగా ఉన్నాడు. అంటే వీళ్లు దొంగలు, వీళ్లు సత్యహరిశ్చంద్రులు అని పిల్లల్ని రెండు గుంపులుగా విడదీయడం కుదరలేదు. పరిస్థితిని బట్టి ప్రవర్తన మారుతోంది.

మరి ఆ పరిస్థితి అంటే ఏంటి? 1964లో విలియం బోవర్స్ 99 కాలేజీల్లో 5 వేల మందికి పైగా స్టూడెంట్లపై చేసిన సర్వే బయటికొచ్చింది. నలుగురిలో ముగ్గురు ఏదో ఒక రకంగా మోసం చేశామని ఒప్పుకున్నారు. అయితే తోటివాళ్లు దీన్ని తప్పుగా చూసే చోట మోసం తక్కువగా ఉంది.

తర్వాత మెక్‌కేబ్, ట్రెవీనో 31 కాలేజీల్లో 6 వేల మందికి పైగా అడిగారు. 1993లో ఫలితాలు వచ్చాయి. శిక్ష భయం పనిచేస్తుంది, నిజమే. కానీ "పక్కవాళ్లు ఏం చేస్తున్నారు" అనేదే అన్నిటికంటే బలంగా కనిపించింది. అదే ఏడాది వాళ్లు బోవర్స్ వెళ్లిన కాలేజీల్లో 9 చోట్ల మళ్లీ అడిగారు. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాశామన్నవాళ్లు 26 శాతం నుంచి 52 శాతానికి పెరిగారు!

ఇక రెండో విషయం, గోల్. 1998లో ఆండర్‌మన్ టీమ్ మిడిల్ స్కూల్ పిల్లల మీద స్టడీ చేసింది. మా స్కూల్లో నేర్చుకోవడం కంటే మార్కులే ముఖ్యం అనుకునే పిల్లల్లో కాపీ ఎక్కువగా కనిపించింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. రిజల్ట్స్ రోజు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని అరిచే యాడ్స్ గుర్తున్నాయా? పరీక్షల్లో అక్రమాల మీద ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. సీసీ కెమెరాలూ వచ్చాయి. అవి కావాలి, కాదనట్లేదు. కానీ గోల్ ర్యాంకే అయినప్పుడు, అందరూ కొడుతున్నారనిపించినప్పుడు, చదివి రాసేవాడికి తానే పిచ్చోడిలా అనిపిస్తుంది. రేపు వాడూ మొదలెడతాడు.

ఇందులో మంచి వార్త కూడా ఉంది. మీ పక్కవాడికి "పక్కవాళ్లు" అంటే మీరే. మీరు స్లిప్పు తీయకపోవడం వాడి లెక్కలోకీ వస్తుంది. మీ క్లాసులో పరిస్థితి ఏంటో కామెంట్లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.