ఆయుధ విశిష్టాభ్యాసము

బల్లచుట్టును గూర్చుండి పాచికలతో నడపు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అను పాత్రధారణక్రీడయందు, యోధపాత్ర యొకానొక ఆయుధమును ప్రత్యేకముగా నెంచుకొని దానియందు అధికనైపుణ్యము బడయు నియమము. 1985లో వెలువడిన 'అనర్త్డ్ ఆర్కానా' గ్రంథమున బ్రవేశించిన యీ నియమము, 1989 నాటి రెండవ కూర్పున, మంత్రవిద్యాదులను తన వృత్తితో గలుపుకొనని కేవలయోధునికే పరిమితమై, ఖడ్గము, గద వంటి చేతి ఆయుధము నెంచుకొన్నవానికి, దెబ్బ తగులుటకై వేయు ఇరువదిముఖముల పాచిక ఫలమునకు 1, గాయమునకు 2 చేర్చుటయేగాక, తొలి ఆరు స్థాయిలలో రెండావృత్తులకు మూడు దెబ్బలు వేయు వీలును గల్పించెను. ఆ మూడవ దెబ్బయే అసలు లాభమని మా తలంపు. 2000 నాటి మూడవ కూర్పున నాల్గవ స్థాయి నందుకొన్న యోధునికి గాయమున 2 మాత్రమే దక్కెను. పల్నాటి వీరగాథలో కన్నమదాసునకు భైరవఖడ్గ మెట్టిదో, ఈ యోధునికి దానెంచుకొన్న ఆయుధ మట్టిది; అది చేజారి వేరొకటి పట్టెనా, ఈ లాభములలో నొక్కటియు వర్తింపదు.