రాజీ పత్రం

"అన్నీ కావాలంటే ఎక్కడ దొరుకుతాయమ్మా, ఎక్కడో ఒకచోట రాజీ పడాలి." ఇల్లు కొనుక్కోవాలని తిరిగిన ఏడాదిన్నరలో ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. బ్రోకరు అన్నాడు. అమ్మ అంది. లోను కోసం వెళ్ళిన చోట అన్నారు. స్టాఫ్ రూములో తోటి లెక్చరర్లు అన్నారు. నిజమే, రాజీ పడకుండా ఇల్లు కొనుక్కోగలిగిన వాళ్ళెవరు? డబ్బున్న వాళ్ళకే తప్పదు, జీతం మీద బతికే నాబోటి వాళ్ళకు తప్పుతుందా? కానీ కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. భార్యాభర్తలు ఇల్లు చూడ్డానికి వెళితే వాళ్ళు రాజీ పడాల్సింది గదుల దగ్గర, ధర దగ్గర. నేను వెళితే అంతకంటే ముందే మొదలయ్యేది. "మీ వారు రాలేదా?" "ఒక్కరే ఉంటారా?" "రేపు పెళ్ళయితే ఈ ఇల్లేం చేసుకుంటారు?" ఇంటి గురించి మాట్లాడుకోవడానికి ముందు నా గురించి నేను సంజాయిషీ చెప్పుకోవాలి.

నా ముందున్న లెక్క ఇదీ. నా ఒక్కదాని జీతం మీద వచ్చే అప్పుతో బోడుప్పల్‌లో పాతికేళ్ళ నాటి అపార్టుమెంటులో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. కాలేజీకి రెండు బస్సులు మారాలి. అన్నయ్య జీతం కూడా కలిపి చూపిస్తే తార్నాకలో గాలీ వెలుతురూ ఉన్న రెండు పడగ్గదుల ఫ్లాటు. అప్పులో అన్నయ్య పేరు ఉన్నాక దస్తావేజులో కూడా ఉంటేనే పద్ధతని ఇంట్లో పెద్దల మాట. అన్నయ్య చెడ్డవాడు కాదు. "అసలు ఇదంతా ఎందుకే? మేడ మీద గది ఖాళీగానే ఉందిగా. ఎన్నాళ్ళుండాలంటే అన్నాళ్ళుండు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ 'ఉండు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

సాహిత్యం చదువుకున్న దాన్ని, మాటల దగ్గర ఆగడం అలవాటు. ఇంట్లో ఉండటం వేరు, ఇల్లు ఉండటం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని మనకు ముందటి స్త్రీలు ఎలా దాటారో తెలుసుకోవాలనిపించింది. ఇళ్ళు చూసొచ్చిన సాయంత్రాలు పాత చట్టాలూ తీర్పులూ చదవడం మొదలుపెట్టాను. అక్కడ కనిపించింది వడ్డెబోయిన తులశమ్మ.

న్యాయశాస్త్రం చదివే వాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. మన సాహిత్యంలో మాత్రం ఆమె గురించి నాకెక్కడా కనిపించలేదు. ఆమె భర్త 1931లో చనిపోయాడు. సవతి సోదరుడు శేషారెడ్డితో ఉమ్మడిగా ఉండగానే పోయాడు. అప్పటి ధర్మశాస్త్రం ప్రకారం ఉమ్మడి ఆస్తి మిగిలిన మగవాళ్ళకే చెందుతుంది. వితంతువుకు దక్కేది మనోవర్తి. అంటే తిండి, బట్ట, తలదాచుకునే చోటు. 1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వితంతువుకు భర్త వాటాలో పరిమితమైన హక్కు ఇచ్చింది కానీ, అంతకుముందే చనిపోయిన వాళ్ళ భార్యలకు అది వర్తించలేదు. ఆరేళ్ళ తేడాలో తులశమ్మ చట్టానికి అవతల ఉండిపోయింది.

1944 అక్టోబరులో ఆమె మనోవర్తి కోసం నెల్లూరు జిల్లా మునసబు కోర్టుకెక్కింది. కోర్టు ఫీజు కట్టుకోలేని పేదరాలిగా వేసిన దావా అది. 1946 జూన్‌లో ఆమెకు డిక్రీ వచ్చింది. అప్పుడు శేషారెడ్డి, 1945 ఏప్రిల్‌లోనే కోర్టు బయట తమకు రాజీ కుదిరిందనీ, దాన్ని నమోదు చెయ్యమనీ అర్జీ పెట్టాడు. తులశమ్మ ఎదిరించింది. ఆ అర్జీని కోర్టు కొట్టేసింది. దానిమీద వేసిన అప్పీలూ పోయింది. ఆమె డిక్రీ అమలుకు పెట్టాక, 1949 జులైలో నిజంగానే ఒక రాజీ కుదిరింది. కొన్ని ఆస్తులు తులశమ్మకు ఇచ్చారు. షరతు ఏమిటంటే, వాటిని బతికున్నన్నాళ్ళు అనుభవించాలి తప్ప అమ్మకూడదు. ఆమె తదనంతరం అవి తిరిగి శేషారెడ్డికే చేరాలి.

అయిదేళ్ళు పోరాడిన స్త్రీ ఆ షరతుకు ఎందుకు ఒప్పుకుంది? తీర్పులో ఆ సంగతి ఉండదు. ఊహించడం కష్టం కాదు. చేతిలో డిక్రీ ఉంది, కడుపు నిండలేదు. ఆకలికీ హక్కుకీ మధ్య కూర్చోబెట్టి రాయించే కాగితాన్నే మనం చాలాసార్లు రాజీ అంటాం.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దాని 14వ సెక్షన్, స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని అంది. వెంటనే రెండో ఉపవిభాగంలో ఒక మినహాయింపు పెట్టింది. దానపత్రం, వీలునామా, డిక్రీ వంటి వాటివల్ల పరిమితమైన హక్కుతోనే వచ్చిన ఆస్తికి ఇది వర్తించదంది. 1960లో తులశమ్మ కొంత ఆస్తి కౌలుకిచ్చింది. 1961లో కొంత అమ్మింది. రెండూ రిజిస్టరు చేయించింది. ఆ జులైలోనే శేషారెడ్డి దావా వేశాడు. ఆమె చేసిన కౌలూ అమ్మకమూ ఆమె ప్రాణం ఉన్నంతవరకే చెల్లుతాయన్నాడు. మునసబు కోర్టు ఔనంది. జిల్లా జడ్జి కాదన్నారు. హైకోర్టు మళ్ళీ ఔనంది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు తులశమ్మది. మనోవర్తి హక్కు ఆ రాజీవల్ల పుట్టింది కాదు, అంతకుముందే ఉన్నది, రాజీ దాన్ని గుర్తించిందంతే, కాబట్టి ఆమె సంపూర్ణ యజమాని అని న్యాయమూర్తులు తేల్చారు. మొదటి దావా నుంచి లెక్కేస్తే 32 ఏళ్ళ పైచిలుకు.

నన్ను పట్టుకున్నది ఒక్క విషయం. ఆ కేసంతా ఆస్తి ఎంత, ఎలాంటిది అన్నదాని మీద జరగలేదు. అమ్ముకునే హక్కు మీద జరిగింది. ఉండనివ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అమ్మగలగడమే నేరమైంది.

తులశమ్మది కాపురపు ఆస్తి, నాది కొనుక్కునే ఇల్లు, రెంటికీ పోలికేమిటని అడగొచ్చు. భార్య సంపాదన భర్తదేనన్నాడు మనువు. అయితే అదే సంప్రదాయంలో, కల్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు స్త్రీధనాన్ని చాలా విశాలంగా నిర్వచించాడు. పుట్టింటి వాళ్ళిచ్చిందీ అత్తింటి వాళ్ళు పెట్టిందే కాదు, వారసత్వంగా వచ్చిందీ, క్రయం వల్ల వచ్చిందీ స్త్రీధనమేనన్నాడు. మితాక్షర ఆధారంగా 13వ శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయం' తెలుగు చేశాడు. తిక్కనకు 'దశకుమార చరిత్ర' అంకితమిచ్చిన కేతనే. 19వ శతాబ్దంలో ప్రీవీ కౌన్సిల్ న్యాయమూర్తులు ఈ విశాలత్వాన్ని కుదించారు. మగవాళ్ళ నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి స్త్రీకి పరిమిత హక్కు మాత్రమేనన్నారు. మన 'సంప్రదాయం' అని మనం అనుకునే దాంట్లో లండన్‌లో తయారైన భాగం ఎంతుందో ఆలోచించాలి. ఏమైనా, క్రయం అన్న మాట ఈనాటి దస్తావేజుల్లో అలాగే ఉంది.

ఇల్లున్న ఒంటరి స్త్రీలు మనకు కొత్త కాదు. కళావంతుల ఇళ్ళలో తల్లి ఆస్తి కూతురికి వచ్చేది. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) కచేరీల మీద సంపాదించుకుంది, చెన్నపట్నంలో సొంత ఇల్లు ఏర్పరచుకుంది. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' పరిష్కరించి అచ్చువేయించి నిషేధం దాకా వెళ్ళింది. తిరువయ్యూరులో త్యాగరాజు సమాధి స్థలం కొని, తన డబ్బుతో గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్న రోజుల్లో, 1927లో ఆడవాళ్ళతో వేరుగా ఆరాధన జరిపించింది. ఇంత చేసినా ఆమె పేరు ముందు 'గౌరవనీయులు' అని రాయడానికి ఆనాటి పెద్దమనుషుల చేతులు రాలేదు. అప్పటి ఒప్పందం అది. కులస్త్రీకి గౌరవం ఉంటుంది, ఇల్లుండదు. కళావంతురాలికి ఇల్లుంటుంది, గౌరవం ఉండదు. రెండూ కావాలంటే ఎలా? ఒక అపార్టుమెంటు సంఘం పెద్దాయన నన్ను "రాత్రిళ్ళు ఎవరూ వచ్చిపోరు కదమ్మా?" అని అడిగినప్పుడు, ఆ పాత ఒప్పందం ఇంకా రద్దు కాలేదని అర్థమైంది.

చట్టం కూడా ఇంటి దగ్గరకొచ్చేసరికి తడబడింది. 1956 చట్టంలో 23వ సెక్షన్ ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకుంటామనేదాకా ఆడ వారసులు తమ వాటా పంచమని అడగడానికి లేదు. కూతురికి ఆ ఇంట్లో నివసించే హక్కు ఉంటుంది, అది కూడా ఆమె పెళ్ళికానిదో, భర్త వదిలేసినదో, భర్త నుంచి విడిపోయినదో, వితంతువో అయితేనే! అంటే పుట్టింట్లో చోటు కావాలంటే ఆడపిల్ల తన దురదృష్టాన్ని రుజువు చేసుకోవాలి. 2005లో ఆ సెక్షన్ తీసేశారు. మా అన్నయ్య 'మేడ మీద గది' మాటలో అది ఇంకా బతికే ఉంది.

మా అమ్మ కథ ఇంకొకటి. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1986లో చేసిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించదన్నారు. అమ్మ పెళ్ళి 1984లో. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది కానీ అప్పటికే అమ్మ పుట్టింటి పొలం పంపకాలు రిజిస్టరయిపోయాయి. తాతయ్య పోయాక ఆయన వాటాలో కూతురిగా తనకు రావలసిన ఆ కొంచెం కూడా మామయ్యలకు రాసిచ్చేసింది. పసుపు కుంకుమల కింద ఒక చీర పెట్టారు. "పోట్లాడితే పుట్టిల్లుంటుందా?" అంది నేనడిగితే. తలుపు తెరిచి ఉండటం కోసం ఇంటిని వదులుకోవడం. మన అమ్మల తరం చేసిన అతి పెద్ద రాజీ ఇదే అనుకుంటాను. దానికి కాగితం ఉంది కానీ, చరిత్ర లేదు.

ఇవన్నీ చదివాక నా లెక్క కొంచెం తేటపడింది. రాజీలు రెండు రకాలు. వస్తువుల మీద పడేవి కొన్ని. వెలుతురు, లిఫ్టు, దూరం, గది కొలతలు. ఇవి బాధిస్తాయి కానీ రేపు మార్చుకోవచ్చు, నచ్చకపోతే ఇల్లే అమ్ముకోవచ్చు. హక్కు మీద పడేవి ఇంకొన్ని. ఎవరి పేరు, ఎవరి సంతకం, ఎవరి అనుమతి. వీటి దగ్గర ఒకసారి వదులుకుంటే, మిగిలిన రాజీలన్నిటినీ సరిదిద్దుకునే శక్తే పోతుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. దస్తావేజులో పేరు గురించి నేనింత పట్టుబట్టడం చూసి నవ్విన వాళ్ళకు ఆ కథ గుర్తుచేశాను.

తార్నాక ఫ్లాటు వదులుకున్నాను. ఇది తేలిగ్గా జరిగిందని చెప్పను. మూడంతస్తులు ఎక్కడం అమ్మ మోకాళ్ళ వల్ల కాదు. ఆమె ఎక్కలేని ఇల్లు కొనడం స్వాతంత్ర్యమా, స్వార్థమా అని చాలా రాత్రులు ఆలోచించాను. అన్నయ్య కొన్నాళ్ళు మాట్లాడలేదు. నాకు నెల జీతమూ చదువూ ఉన్నాయి కాబట్టి ఈ రెండు జాబితాలు వేసుకోగలిగాను. అవి లేని స్త్రీల ముందు ఇలాంటి ఎంపికే ఉండదని తెలుసు. అక్కచెల్లెళ్ళో స్నేహితురాళ్ళో కలిసి కొనుక్కుంటే, షరతులు తెలిసి రాసుకుంటే, అదీ మంచి దారే. నేను వద్దనుకున్నది పంచుకోవడాన్ని కాదు, 'ఎందుకైనా మంచిది' అని ఒక మగ పేరు చేర్చడాన్ని. ఇంకో విషయంలో కూడా రాజీ పడలేదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, మునిసిపల్ అనుమతి నేనే వెళ్ళి చూసుకున్నాను, లాయరుకు చూపించాను.

రిజిస్ట్రేషన్ అయిన నెలలోనే వీలునామా రాశాను. ముప్పైల్లో వీలునామా ఏమిటని అందరూ కంగారుపడ్డారు. 1956 చట్టంలో 15వ సెక్షన్ చదవండి. పెళ్ళయి, పిల్లల్లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది కూడా భర్తకు, అతను లేకపోతే అతని వారసులకు వెళుతుంది. ఆమె తల్లిదండ్రులు ఆ తర్వాతే. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో, పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటి వాళ్ళు వెళ్ళగొట్టిన స్త్రీ, పుట్టింట చదువుకుని సంపాదించుకున్న సొమ్ము చివరకు భర్త తరఫు వాళ్ళకే చేరింది. చట్టం మన తరఫున మాట్లాడదనుకున్న చోట మనమే రాసి పెట్టుకోవాలి.

మొన్న అమ్మ వచ్చింది. ఒక్కో మలుపు దగ్గర ఆగి, రెయిలింగు పట్టుకుని, మూడంతస్తులూ ఎక్కింది. వంటింటి కిటికీ తెరిచి ఎదుటి గోడ చూసి, "గాలి రాదే" అంది. మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చున్నాక అడిగింది.

"ఎప్పుడైనా ఇది అమ్మేసి మంచిది కొనుక్కోవాలంటే ఎవరెవరి సంతకాలు కావాలే?"

"అప్పు తీరాక నాదొక్కటే అమ్మా."

"అయితే పర్లేదులే" అంది.